ఆ గుండుకు పూచీ ఎవరిది?

సినిమాలో తుపాకి పేలడం మనకేం కొత్త కాదు. నాయకుడు పేలుస్తాడు, ప్రతినాయకుడు పేలుస్తాడు, మనం వేరుశనక్కాయలు వొలుచుకుంటూ చూస్తూనే వుంటాం. కూలిపోయిన మనిషి డైరెక్టరు ‘కట్’ అనగానే లేచి, చొక్కాకి అంటిన ఎర్రరంగు తుడుచుకుని, కాఫీ తాగుతాడని మనకు తెలుసు. ఆ నమ్మకం లేకపోతే ఆ వినోదమే లేదు.

మరి ఆ మనిషి లేవకపోతే? నిజంగానే ప్రాణం పోతే? అప్పుడు పూచీ ఎవరిది? ట్రిగ్గరు నొక్కిన నటుడిదా? తుపాకిలో తూటా పెట్టినవారిదా? ‘ఫరవాలేదు, తీసుకోండి’ అని చేతికిచ్చినవారిదా? జీతాలిచ్చి పని చేయించుకున్న కంపెనీదా? అమెరికా సినిమా పరిశ్రమను ఈ ప్రశ్న నూరేళ్లకు పైగా వెంటాడుతోంది.

సినిమావాళ్ల గొడవ మనకెందుకని పేజీ తిప్పెయ్యకండి. ఈ కథలో ప్రాణం పోగొట్టుకున్నవాళ్లలో కెమేరా పట్టి బతుకుతున్న ఒక తల్లి వుంది. శిక్ష పడినవాళ్లలో, సంఘటననాటికి పాతికేళ్లు నిండని ఒక అమ్మాయి వుంది. కొడుకుని పోగొట్టుకుని కోర్టు మెట్లెక్కిన ఇంకొక తల్లి వుంది. పైగా, పదిమంది చేతులమీదుగా జరిగే పనిలో పొరపాటు వస్తే అది ఎవరి ఖాతాలో వేయాలన్న ప్రశ్న సినిమా సెట్టుకే పరిమితం కాదు. పెళ్లివారి వంటశాలలోనూ వుంది, ఫ్యాక్టరీలోనూ వుంది, ఆస్పత్రిలోనూ వుంది.

ముందు తూటాల సంగతి కొంచెం తెలుసుకుందాం. అసలు తూటాలో నాలుగు భాగాలుంటాయి. ఇత్తడి గొట్టం, దాని అడుగున నిప్పు పుట్టించే చిన్న బిళ్ల, లోపల మందు, కొసన గుండు. ట్రిగ్గరు నొక్కితే సుత్తి వెళ్లి బిళ్లను కొడుతుంది, మందు అంటుకుంటుంది, గుండు దూసుకుపోతుంది. సినిమాలో వాడేవి రెండు రకాలు. ఒకటి ఖాళీ తూటా. దాన్ని ‘బ్లాంక్’ అంటారు. ఇందులో మందు వుంటుంది, గుండు వుండదు. చప్పుడూ మంటా వస్తాయి. రెండోది ‘డమ్మీ’. ఇందులో గుండు వుంటుంది, మందు వుండదు. రివాల్వరుని దగ్గరగా చూపించేటప్పుడు తూటాలు కనిపించాలి గనక దీన్ని పెడతారు. చూడటానికి డమ్మీ అచ్చం అసలు తూటాలాగే వుంటుంది. అందుకని డమ్మీ లోపల చిన్న ఇనుప పూస వేస్తారు. కొబ్బరికాయ కొనేముందు చెవి దగ్గర పెట్టి ఆడించి చూస్తాం చూడండి, అలా ఆడించి చూస్తే గలగలమంటుంది. గలగలమన్నదా, డమ్మీ. అనలేదా, అనుమానించాలి. ఇంత చిన్న పరీక్షమీద నిండు ప్రాణాలు ఆధారపడి వుంటాయి.

ఇక చట్టం సంగతి. ఒక ప్రాణం పోయినప్పుడు చట్టం మొదట అడిగేది, చంపాలనే ఉద్దేశం వున్నదా అని. లేకపోతే అది హత్య కాదు. ఆ తరువాతి ప్రశ్న, తీసుకోవలసిన జాగ్రత్త తీసుకున్నారా అని. మన పాత శిక్షాస్మృతి 80వ సెక్షనులో దీనికి చక్కని ఉదాహరణ వుండేది. ఒకడు గొడ్డలితో పని చేస్తున్నాడు. గొడ్డలి తల వూడిపోయి పక్కనున్నవాడికి తగిలి ప్రాణం పోయింది. పని చేసేవాడి వైపునుంచి జాగ్రత్తలో లోపం లేకపోతే అది నేరం కాదు. లోపం వుంటే నిర్లక్ష్యంవల్ల మరణం కలిగించిన నేరం అవుతుంది. దానికి మన దేశంలో 304-ఎ సెక్షను కింద రెండేళ్ల వరకు శిక్ష వుండేది. 2024 జులై 1 నుంచి అమలులోకి వచ్చిన భారతీయ న్యాయ సంహిత 106వ సెక్షనులో అది అయిదేళ్ల వరకు పెరిగింది. మనకూ అమెరికాకూ ఈ ఆలోచన ఇంగ్లీషు న్యాయశాస్త్రం నుంచే వచ్చింది కాబట్టి అక్కడా లెక్క ఇంచుమించు ఇదే. అయితే మామూలు అజాగ్రత్త వేరు, జైలుకి పంపదగినంత ఘోరమైన అజాగ్రత్త వేరు. మొదటిదానికి నష్టపరిహారం. రెండోదానికే క్రిమినల్ శిక్ష. ఆ రెంటికీ నడుమ గీత ఎక్కడ గీయాలన్నదే చిక్కంతా.

చిక్కు ఎక్కడో తెలియాలంటే మన ఇంటి ఉదాహరణే తీసుకోండి. ఒకరు ఫినాయిలుని కూల్‌డ్రింకు సీసాలో పోశారు. ఇంకొకరు దాన్ని తెచ్చి మంచినీళ్ల సీసాల పక్కన పెట్టారు. మరొకరు వాసనైనా చూడకుండా చుట్టం చేతికిచ్చారు. ఆ చుట్టం తన పక్కనున్న పిల్లవాడికి తాగించాడు. వేరే డబ్బా కొంటే దండగ అని అసలు మొదట్లోనే అన్నది ఇంటి యజమాని. ఇప్పుడు చెప్పండి, తప్పెవరిది? మన పెద్దలు ‘తిలా పాపం తలా పిడికెడు’ అన్నారు. పాపాన్ని పంచుకోవడం సులువే. కానీ కోర్టు ఫలానావారు అని వేలుపెట్టి చూపించాలి. అందరూ పిడికెడు పిడికెడు పంచుకుంటే ఏ ఒక్కరి చేతిలోనూ జైలుకి పంపేటంత బరువు మిగలదు. సినిమా ప్రమాదాల చరిత్ర చాలాకాలం సరిగ్గా ఇలాగే నడిచింది.

1915లో సెసిల్ బి. డిమిల్ ‘ది కాప్టివ్’ అనే మూగచిత్రం తీశాడు. సైనికులు తలుపు పగలగొట్టే దృశ్యం సహజంగా వుండాలని అసలు తూటాలతోనే కాల్పించాడు. తరువాతి దృశ్యానికి అవి తీసేసి ఖాళీ తూటాలు పెట్టుకోమన్నాడు. ఎవరో ఒకరి తుపాకిలో అసలు తూటా వుండిపోయింది. గుంపులో వేషం వేసిన ఒక ఎక్స్‌ట్రా నటుడి తలకి తగిలి అక్కడికక్కడే ప్రాణం పోయింది. అసలు తూటా, దొంగ తూటా ఒకే చోట వుండకూడదనే పాఠం సినిమా పుట్టిన కొత్తలోనే, ఒక ప్రాణం ఖరీదుకి దొరికిందన్నమాట.

అరవై తొమ్మిదేళ్ల తరవాత, 1984 అక్టోబరు 12న, ‘కవర్ అప్’ అనే టెలివిజను ధారావాహిక సెట్టుమీద జాన్ ఎరిక్ హెక్సమ్ అనే 26 ఏళ్ల నటుడు షాట్ల మధ్య విసుగెత్తి, ఖాళీ తూటాలున్న రివాల్వరుని సరదాకి కణతకి ఆనించుకుని పేల్చుకున్నాడు. గుండు లేదుగా అనుకున్నాడు. కానీ ఖాళీ తూటాలో మందు వొలికిపోకుండా బిగించే అట్టబిళ్ల వుంటుంది. అంత దగ్గరనుంచి అదే గుండంత పని చేసింది. పుర్రె చిట్లి ఆరో రోజున చనిపోయాడు. ప్రమాదం అని తేల్చారు. ఖాళీ తూటా అన్నది పేరుకే ఖాళీ అని జనానికి అప్పుడు తెలిసింది.

ఆ రోజుల్లోనే హాలీవుడ్‌ని కుదిపేసిన కేసు ఇంకొకటుంది. అది తుపాకి కేసు కాదు. కానీ ఇటువంటి మరణాలకు చట్టం ఎవరిని పట్టుకుంటుందన్న ప్రశ్నకు అదే గీటురాయి. 1982 జులై 23 తెల్లవారుజామున ‘ట్విలైట్ జోన్’ సినిమా తీస్తుండగా, బాంబులు పేల్చే దృశ్యంలో హెలికాప్టరు కూలి నటుడు విక్ మారో, ఇద్దరు చిన్నపిల్లలు చనిపోయారు. ఆ పిల్లల్ని చట్టవిరుద్ధంగా రాత్రిపూట పనిలో పెట్టుకున్నారు. దర్శకుడు జాన్ లాండిస్‌ మీద, మరి నలుగురిమీద ఉద్దేశం లేని నరహత్య నేరం మోపారు. విచారణ నెలల తరబడి సాగింది. 1987లో జూరీ అయిదుగురినీ నిర్దోషులన్నది. ముగ్గురు పోయారు, ఒక్కరికీ శిక్ష లేదు.

ఇక 1993. బ్రూస్ లీ పేరు వినని ఇల్లుండదు. ఆయన కొడుకు బ్రాండన్ లీకి 28 ఏళ్లు. మార్చి 31న నార్త్ కరొలైనాలోని విల్మింగ్టన్‌లో ‘ది క్రో’ సినిమా షూటింగులో వున్నాడు. ఏప్రిల్లో పెళ్లి. అతన్ని కాల్చే దృశ్యం తీస్తున్నారు. తోటి నటుడు కాల్చింది ఖాళీ తూటానే. అయినా బ్రాండన్ నిజంగా కూలిపోయాడు, మళ్లీ లేవలేదు.

ఎలా జరిగిందంటే వినండి. కొన్నాళ్లముందు అదే రివాల్వరుని దగ్గరగా చూపించడానికి డమ్మీలు కావలసివచ్చాయి. బజారులో తయారైన డమ్మీలు తెప్పించకుండా, అసలు తూటాలు విప్పి, మందు పారబోసి, గుండ్లు మళ్లీ బిగించారు. అడుగున నిప్పు బిళ్లలు మాత్రం తీయలేదు. ఎవరో ట్రిగ్గరు నొక్కినప్పుడు ఆ బిళ్ల పేలి, గుండుని గొట్టంలోకి తోసింది. బయటికి రావడానికి బలం చాలక అది అక్కడే ఇరుక్కుంది. ఎవరూ చూడలేదు. తరవాత ఆ తుపాకిలోనే ఖాళీ తూటా పెట్టి పేల్చారు. ఖాళీ తూటాలోని మందు, గొట్టంలోని గుండు కలిసి అసలు తూటాతో సమానమైపోయాయి. ఆయుధాలు చూసుకునే నిపుణుణ్ణి ఆ రోజు ముందే ఇంటికి పంపేశారు.

నిర్లక్ష్యం వుంది గాని, క్రిమినల్ నేరం రుజువు చేసేటంత లేదని అక్కడి జిల్లా ప్రాసిక్యూటరు ఎవరిమీదా కేసు పెట్టలేదు. కార్మికుల భద్రత శాఖ కంపెనీకి 84,000 డాలర్ల జరిమానా వేసింది, తరవాత దాన్ని 55,000కి తగ్గించింది. బ్రాండన్ తల్లి లిండా దావా వేస్తే కోర్టు బయట రాజీ కుదిరింది. గమనించండి, చట్టానికి ఇక్కడ మూడు ద్వారాలున్నాయి. జైలుకి వెళ్లే క్రిమినల్ కోర్టు ఒకటి, నష్టపరిహారం ఇప్పించే సివిల్ కోర్టు ఒకటి, జరిమానా వేసే కార్మిక భద్రత శాఖ ఒకటి. మొదటి ద్వారం మూసివుండగా తక్కిన రెండూ డబ్బుతో ముగిశాయి.

ఆ మొదటి ద్వారం తెరుచుకున్నది 2015లో, మళ్లీ తుపాకి లేని కేసులోనే. 2014 ఫిబ్రవరి 20న జార్జియా రాష్ట్రంలో, రైలు కంపెనీ అనుమతి నిరాకరించినా, దర్శకుడు ర్యాండల్ మిల్లర్ తన బృందాన్ని రైలు వంతెనమీదికి తీసుకువెళ్లాడు. రైలు వచ్చింది. సారా జోన్స్ అనే 27 ఏళ్ల కెమేరా సహాయకురాలు చనిపోయింది. మిల్లర్ నేరం ఒప్పుకుని జైలుకి వెళ్లాడు. సెట్టుమీద మరణానికి దర్శకుడు కటకటాలు లెక్కించవలసి వస్తుందని పరిశ్రమకు అప్పుడు అర్థమైంది.

ఇప్పుడు అన్నిటికంటే పెద్ద కేసుకి వద్దాం. 2021 అక్టోబరు 21, న్యూ మెక్సికో రాష్ట్రంలో శాంటా ఫే దగ్గర బొనాంజా క్రీక్ రాంచ్. ‘రస్ట్’ అనే కౌబాయ్ చిత్రం. కెమేరా హలీనా హచిన్స్‌ది. ఉక్రెయిన్‌లో పుట్టిన ఆడపిల్ల. తండ్రి ఉద్యోగరీత్యా ధ్రువప్రాంతపు సోవియెట్ సైనిక స్థావరంలో పెరిగింది. కీవ్‌లో జర్నలిజం చదివింది. అమెరికా వచ్చి ఛాయాగ్రహణం నేర్చుకుని, మగవాళ్లే ఎక్కువగా వున్న ఆ పనిలో పేరు తెచ్చుకుంటోంది. వయసు 42. తొమ్మిదేళ్ల కొడుకు. ఆ మధ్యాహ్నం చర్చి సెట్టులో నటుడు అలెక్ బాల్డ్విన్ ఒరలోంచి రివాల్వరు తీసే దృశ్యం సాధన చేస్తున్నాడు. హలీనా కెమేరా కోణం చూసుకుంటోంది. తుపాకి పేలింది. గుండు ఆమె శరీరంలోంచి దూసుకుపోయి, వెనకవున్న దర్శకుడు జోయెల్ సౌజా భుజంలో దిగింది. ఆయన బతికాడు. హలీనాని హెలికాప్టరులో ఆస్పత్రికి తరలించినా దక్కలేదు.

సెట్టులో అసలు తూటాలు ఆరు దొరికాయి, పేలినదానితో కలిపి. ఒక్కటి కూడా వుండకూడని చోట ఆరు! కొద్దిరోజుల ముందే ఆ సెట్టులో తుపాకులు అనుకోకుండా పేలాయి. పరిస్థితులు బాగాలేవని కెమేరా విభాగంలో కొందరు అంతకుముందే పని మానుకున్నారు. ఆయుధాల బాధ్యురాలు హానా గుటియెరెజ్ రీడ్‌కి అప్పుడు 24 ఏళ్లు. ఆమెకు అదొక్కటే పని కాదు, సామాను విభాగంలో సహాయకురాలి పని కూడా అప్పగించారు. తుపాకులమీద గడిపే సమయం తగ్గించుకోమని పైనుంచి ఒత్తిడి వచ్చింది. రాష్ట్ర భద్రత శాఖ ఇవన్నీ ఏకరువు పెట్టి, 2022 ఏప్రిల్లో చిత్ర సంస్థకు 1,36,793 డాలర్ల జరిమానా వేసింది. చట్టం ప్రకారం వేయగలిగిన గరిష్ఠం అంతే. చివరికి అది లక్ష డాలర్లతో రాజీ అయింది.

క్రిమినల్ కోర్టులో ముగ్గురి కథ మూడు విధాలుగా ముగిసింది. సహాయ దర్శకుడు డేవిడ్ హాల్స్, తుపాకి క్షేమంగా వుందో లేదో చూడవలసినవాడు, తూటాలన్నీ సరిగా చూడలేదని ఒప్పుకున్నాడు. 2023లో అభియోగాన్ని ఎదిరించనన్నాడు. ఆరు నెలల ప్రొబేషనుతో బయటపడ్డాడు. హానాని 2024 మార్చి 6న జూరీ దోషిగా తేల్చింది. జూరీ మూడు గంటలు కూడా ఆలోచించలేదు. ఏప్రిల్ 15న 18 నెలల జైలు పడింది. ఆ నేరానికి అక్కడ గరిష్ఠ శిక్ష అదే. క్షేమమైన ఆయుధాన్ని ప్రాణాంతకంగా మార్చింది నువ్వే, నువ్వు ఒక్కదానివే అన్న అర్థం వచ్చేట్టు జడ్జి మాట్లాడింది. ఆ జడ్జీ ఆడమనిషే, మేరీ మార్లో సామర్.

మూడోవాడు బాల్డ్విన్. ట్రిగ్గరు తను నొక్కలేదని అతను అంటూ వచ్చాడు. నొక్కకుండా ఆ తుపాకి పేలదని ప్రభుత్వ పరీక్షలు చెప్పాయి. అసలు వాదం అంతకంటే లోతైనది. ఏ తుపాకినైనా నిండినదనే అనుకోవాలి, మనిషివైపు గురి పెట్టకూడదు, ఈ నియమం నటుడికీ వర్తిస్తుందని ప్రాసిక్యూషను అన్నది. నటుడి పని నటించడం, తూటాలు పరీక్షించడానికి నిపుణులున్నారు, వారి మాట నమ్మడం నేరం కాదని ఎదుటిపక్షం అన్నది. నటీనటుల సంఘం కూడా ఆ వాదాన్నే బలపరిచింది. మరి అతను నిర్మాతల్లో ఒకడు కూడా కదా అంటారా? ఆ సంగతి విచారణలో ఎత్తకూడదని జడ్జి ముందే తీర్పిచ్చింది. చివరికి 2024 జులై 12న, విచారణ మొదలైన కొద్దిరోజులకే, కేసు కొట్టేసింది. నిర్దోషి అని కాదు. కేసుకి సంబంధించిన తూటాలు కొన్ని పోలీసులకి అందినా, ఆ సంగతి ముద్దాయి లాయర్లకి చెప్పకుండా దాచారని. మళ్లీ పెట్టడానికి వీల్లేకుండా కొట్టేసింది.

ఫలితం ఏమిటో చూడండి. సెట్టుమీద తుపాకి పట్టుకున్న నటుడికి ఎంత బాధ్యత వుందో జూరీ నోట మనకు తెలియనే లేదు. పొదుపుకోసం ఒక మనిషికి రెండు పనులు అంటగట్టిన సంస్థకి జరిమానాతో సరిపోయింది. జైలుకి వెళ్లింది మాత్రం ఆ వరసలో వయసులోనూ అధికారంలోనూ అందరికంటే చిన్నది. ఆమె తప్పు చిన్నదని నేననను. అసలు తూటాని డమ్మీ అనుకుని పెట్టడం చిన్న తప్పు కాదు. ఒక పిల్లవాడికి తల్లి లేకుండా పోయింది. కానీ సీసాలో ఫినాయిలు పోసినవారు ఒక్కరికే శిక్ష పడి, వేరే డబ్బా దండగ అన్న యజమాని పెద్దమనిషిగా మిగిలిపోతే, రేపు ఇంకొక ఇంట్లో ఇంకొక సీసా సిద్ధమవుతూనే వుంటుంది.

అందుకే ఈ చరిత్రలో శిక్షలకంటే ముఖ్యమైనవి ముందు జాగ్రత్తలు. సెట్టుమీదికి అసలు తూటా రాకూడదు, ప్రతి తుపాకినీ నిండినట్టే చూడాలి అని అమెరికా పరిశ్రమ తన భద్రతా పత్రాల్లో ఎప్పుడో రాసుకుంది. కానీ అవి సలహాలు, చట్టం కాదు. ‘రస్ట్’ తరవాత 2023లో కాలిఫోర్నియా రాష్ట్రం ఒక చట్టం చేసింది. సెట్టుమీద తుపాకుల వాడకానికి నియమాలు పెట్టింది. ప్రభుత్వ పన్ను రాయితీ తీసుకునే చిత్రాలకు భద్రతా సలహాదారు వుండాలన్నది. ప్రమాదం జరిగాక ఎవరిదీ అని వెతుక్కోవడం కాదు, జరగకముందే ఫలానావారిదని పేరు రాసి పెట్టడం దాని సారాంశం. హలీనా భర్త వేసిన దావా రాజీ అయింది. మిగిలిన చిత్రాన్ని 2023లో మోంటానాలో పూర్తిచేశారు. ఈసారి సెట్టుమీద పేలే తుపాకి ఒక్కటీ లేదు. అంటే, లేకుండా కూడా తీయవచ్చన్నమాట! చిత్రం 2025 మేలో విడుదలైంది.

మీరు సినిమా తీయకపోవచ్చు. పదిమందీ కలిసి చేసే పని మాత్రం మీకూ వుంటుంది. గ్యాసు బండ మార్చే ఇల్లాలికి వుంటుంది, ఇంజక్షను ఇచ్చే నర్సుకి వుంటుంది, బడి పిల్లల్ని విహారయాత్రకి తీసుకువెళ్లే పంతులమ్మకి వుంటుంది. ‘అందరూ చూశారు’ అన్న మాట వినిపించినప్పుడు ఒక్క క్షణం ఆగండి. అందరూ అంటే ఎవరు, పేరు చెప్పండి అని అడగండి. పేరు చెప్పలేకపోతే ఎవరూ చూడలేదనే లెక్క. పూచీ వున్నవారికి సమయం, జీతం, ‘ఆపండి’ అనే అధికారం వున్నాయా అని కూడా అడగండి. అధికారం ఒకరిది, పూచీ ఇంకొకరిది అయిన చోట పని మొదలుపెట్టనివ్వకండి.